కొళాయి బయటుండాల

పోయిన మామిడికాయల కాలంలో మా మనవరాలి కారులో చిత్తూరు నుంచి పలమనేరు వైపు పోతూ, బంగారుపాళ్యం దాటాక హైవే పక్కన కాయల అంగడి ముందు ఆగాం. ఆ పిల్ల బేరం మొదలుపెడితే అరగంటకు తక్కువ పట్టదు. మోకాళ్ళు పట్టేసినట్టుంటే నేను కిందికి దిగి అటూ ఇటూ నడిచాను. అంగడికి అవతల పెద్ద జీపు ఒకటి, దాని వెనక తగిలించిన నల్లటి ఇనప గది లాంటి బండి ఒకటి, చుట్టూ పదిమంది జనం. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే రంగు బనీన్లు వేసుకుని దాని తలుపులన్నీ తీసి చూపిస్తున్నారు. బెంగుళూరులో తయారుచేశారట, మద్రాసులో ఏదో ప్రదర్శనకు తీసుకుపోతున్నారట.

"రండి ఆంటీ, చూడండి" అన్నాడు అందులో ఒకడు. "వరదొచ్చినా, తుఫానొచ్చినా, వారం రోజులు కరెంటు లేకపోయినా ఇందులో ఒక ఫ్యామిలీ హాయిగా ఉండొచ్చు. పైన సోలారు, కింద నీళ్ళ ట్యాంకు, ఎట్లాంటి గతుకుల రోడ్డు మీదైనా పోతుంది. మన దేశంలో ఇట్లాంటిది ఇదే ఫస్టు."

ఫస్టు అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు ఆస్పత్రుల్లో నర్సుగా పనిచేసినదాన్ని. ఎదుటివాడు తెలియక మాట్లాడినా ఊరుకునే గుణం నాకు ఎప్పుడూ లేదు.

"నీళ్ళు పట్టుకునే కొళాయి ఎక్కడ పెట్టావు నాయనా?" అని అడిగాను.

వాడు సంబరంగా లోపలికి వంగి, చిన్న స్టీలు తొట్టి మీద మెరుస్తున్న కొళాయి చూపించాడు.

"లోపలే పెట్టావా?"

"లోపలే ఆంటీ. కావాలంటే తాళం కూడా వేసుకోవచ్చు."

నేను పకపకా నవ్వాను. మనవరాలు కాయలు వదిలేసి పరుగెత్తుకొచ్చింది, అవ్వకు ఏమైందోనని. ఇట్లాంటి బండిని నేను నలభై ఏళ్ళ కిందటే చూశాను, దాని నీడన నాలుగు రోజులు పనిచేశాను అని చెబితే, ముసలివాళ్ళ మాటలకు తలాడించినట్టు తలాడించాడా కుర్రాడు. వాడి తప్పేం లేదు. ఆ బండి కట్టినవాడి గురించి ఏ పేపర్లోనూ పడలేదు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది, ఆ సంగతైనా ఆయన భార్య ఫోను చేసి చెబితే నాకు తెలిసింది. నేనూ పేరు రాయబోవడం లేదు. చిత్తూరులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఎదురుగా మేస్త్రీ అనేవాళ్ళు, వెనక తేరాయన అనేవాళ్ళు.

లారీలకు బాడీలు కట్టే పని ఆయనది. ఊరి చివర రేకుల షెడ్డు. పొట్టి మనిషి, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది. కాకీ నిక్కరు, చెవి మీద చాక్‌పీసు, ముంజేతుల నిండా వెల్డింగు నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. టేపు పెట్టి కొలవగా నేను ఎన్నడూ చూడలేదు. జానలు, బెత్తలు, చాలకపోతే మూర. ఏ అతుకు వేసినా వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించి వినేవాడు. నచ్చకపోతే ఆ అతుకు ఊడదీసి మళ్ళీ వేసేదాకా అన్నం తినడు. లారీ ఓనర్లు పండక్కి బండి కావాలని వచ్చి నెత్తి కొట్టుకునేవాళ్ళు. "తట్టి సూడు. బోలుగా పలకతా ఉండాది. దీంట్లో ఎక్కి నువ్వు ఘాట్‌లో దిగతావా?" అని వాళ్ళనే దబాయించేవాడు.

కోస్తాలో ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయిన ఏడు, చిత్తూరు నుంచి బియ్యం, బట్టలు, నీళ్ళ పీపాలు వేసుకుని కొన్ని లారీలు పోయాయి. ఒకదాంట్లో ఈయన పోయాడు, దారిలో బండికి ఏమైనా అయితే బాగుచేయడానికి. పదిహేను రోజుల తర్వాత వచ్చాడు. ఏం చూశావు మేస్త్రీ అని అందరూ అడిగారు, ఎవరికీ చెప్పలేదు. ఒక వారం షెడ్డు తలుపు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత ఒక పాత లారీ వెనక ఇరుసు, రెండు చక్రాలు తెచ్చి షెడ్డు మధ్యలో పెట్టాడు. అది మొదలు. చేతిలో ఉన్న పనులన్నీ పూర్తయ్యాక, పొద్దు వాలేలోపు రోజూ ఒక గంట దాని మీద పనిచేసేవాడు. మూడేళ్ళు పట్టింది.

నేను చిత్తూరులో కాపురముండి బంగారుపాళ్యం ఆస్పత్రికి బస్సులో పోయి వచ్చేదాన్ని. బస్సు స్టాపు ఆ షెడ్డు ఎదురుగానే. ఒకనాటి పొద్దున సోడాబుడ్డి నిండా నీళ్ళు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పలకరింపు కూడా లేదు.

"నర్సమ్మా, ఈ నీళ్ళు తాగొచ్చునా? సూసి చెప్పు."

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. డీజిలు వాసన గుప్పుమంది.

"ఇది తాగితే మనిషి నడవడు, ఇంజను నడుస్తుంది" అన్నాను.

"ఏడుసార్లు సున్నం ఏసి కడిగినానే పీపాయిని!" అని గొణుక్కుంటూ పోయాడు. మరుసటి నెల ఇంకో బుడ్డి. ఈసారి డీజిలు వాసన లేదు, మామిడిపండు వాసన. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ నుంచి పీపాయి తెచ్చాడట. నీళ్ళు తియ్యగా ఉన్నాయి, బుడ్డి అడుగున నాలుగు చీమలు తేలుతున్నాయి. ఈ జిల్లాలో పుట్టినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటది. బస్సులో వాళ్ళందరికీ చెప్పి నవ్వించాను. ఆయనకు కోపం రాలేదు. ఆరు నెలలు కష్టపడి జింకు రేకుతో సొంతంగా ట్యాంకు కట్టుకుని, మూడో బుడ్డి తెచ్చాడు. తాగి చూసి బాగున్నాయన్నాను. అప్పుడు జేబులోంచి కాగితం తీసి, ఇంకేం మందులు పెట్టాలో రాసిమ్మన్నాడు. నేను రాసిచ్చిందల్లా తెచ్చి పెట్టాడు. బ్లీచింగు పొడి, అయోడిను, కట్టు గుడ్డలు, విరేచనాలైతే కలిపి తాగించడానికి ఉప్పూ చక్కెరా.

బండి పూర్తయ్యాక ఊరంతా చూడ్డానికి వచ్చింది. కింద కుదుపు తెలియకుండా లారీ కమాన్లు. నాలుగు మూలలా పాత జాకీలతో చేసిన కాళ్ళు, ఎత్తుపల్లాల్లో కూడా బండి తిన్నగా నిలబడాలని. రెండు పక్కలా చుట్టిపెట్టిన కాన్వాసు, విప్పితే ఇరవైమంది కూర్చునే పందిరి. ఆ కాన్వాసు కుట్టింది ఆయన భార్య. నగరి మగ్గాలవాళ్ళ ఇంటి పిల్ల, గుడ్డ సంగతి ఆమెకు చెప్పే మొనగాడు చిత్తూరులో లేడు. లోపల మడిచి పెట్టే ఆరు బల్లలు, పంపు స్టవ్వు, లాంతర్లు, నార తాళ్ళు, డబ్బాల్లో బియ్యం, బొరుగులు, పప్పులు, బెల్లం. ఒక మూల చక్రం లేని సైకిలు. దాని మీద కూర్చుని తొక్కితే డైనమో తిరిగి బల్బు వెలిగేది. ఇంజను మాత్రం లేదు. ఎందుకు పెట్టలేదని నేనే అడిగాను.

"ఇంజనుంటే ఆ ఇంజనుకు రోగమొస్తాది నర్సమ్మా. దీన్ని ఎద్దులు లాగాల, ట్రాక్టరు లాగాల, జీపు లాగాల. ఏదీ లేకుంటే మనుసులు లాగాల" అన్నాడు.

నీళ్ళ కొళాయి బయట ఉంది. బండి పక్క రేకుకు రంధ్రం చేసి, మోకాలెత్తున, చిన్నపిల్లలకు కూడా అందేటట్టు ఇత్తడి కొళాయి బిగించాడు. అంత కట్టుదిట్టంగా కట్టిన బండికి కొళాయి మాత్రం అట్లా దోవలో పోయేవాళ్ళ దయకు వదిలేశావేమని ఒక లారీ ఓనరు అడిగితే, "బయటుండాల" అన్నాడు. అంతే. ఆ విషయంలో ఇంకో మాట రాబట్టడం ఎవరి వల్లా కాలేదు.

వచ్చినవాళ్ళలో బంగారుపాళ్యం అవతల పల్లెలో మామిడితోపులున్న ఆసామి ఒకాయన ఉన్నాడు. ట్రాక్టరు ట్రాలీలు ఈయన దగ్గరే కట్టించుకునేవాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "వానలే లేని సీమలో వరదకు బండి కట్టినావు. తేరు బాగుండాదప్పా, మరి దేవుడు యాడ?" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. తేరాయన అన్న పేరు ఆ రోజు పడిందే.

"వస్తాడులే ఆసామీ. దప్పికైతే ఆయనే వస్తాడు" అన్నాడు మేస్త్రీ.

బండిని ఆయన ఊరికే నిలబెట్టలేదు. వారానికొకసారి నీళ్ళన్నీ వదిలేసి కొత్తవి పట్టేవాడు, వదిలిన నీళ్ళకు వీధిలో ఆవులన్నీ ఆ రోజుకు హాజరయ్యేవి. నెలకొకసారి ఆదివారం పొద్దున్నే "ఉప్పెనొచ్చింది!" అని కేక పెట్టేవాడు. భార్య, పక్కింటివాళ్ళు, షెడ్డు పనివాళ్ళు పరుగెత్తుకొచ్చి కాళ్ళు దించాలి, చక్రాల కింద మొద్దులు పెట్టాలి, పందిరి విప్పాలి, స్టవ్వు వెలిగించాలి. ఆయన బీడీ తాగడు, కానీ ఒక బీడీ వెలిగించి ఇనపదిమ్మె మీద పెట్టేవాడు. అది ఆరేలోపు పనంతా కావాలి. "ఉప్పెన వస్తాదో రాదో గానీ, నీ బీడీ నా ప్రాణం తీస్తా ఉండాది" అనేది భార్య, కాన్వాసు తాళ్ళు లాగుతూ. ఒక ఆదివారం నేనూ ఇరుక్కుపోయాను. బీడీ ఆరేలోపు మందుల పెట్టె తాళంచెవి దొరకలేదని నన్ను వీధిలో వాళ్ళందరి ముందు తిట్టాడు. ఆ రోజే ఆ తాళం పీకి అవతల పారేశాడు.

బండికి రిజిస్ట్రేషను కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ. ఇది లారీనా, ట్రాలీనా, ఇల్లా, తమ ఫారంలో దీనికి గడి లేదు అన్నాడట ఆఫీసులో గుమాస్తా. "లేకుంటే గీయండి సామీ, నా కాడ సాక్‌పీసుండాది" అని చెవి మీద నుంచి తీసి బల్ల మీద పెట్టాడట. ఆ బండికి చివరిదాకా నంబరు రాలేదు. ఎన్నికలొచ్చినప్పుడు మైకు కట్టి తిప్పుకుంటామని ఒక పార్టీవాళ్ళు అడిగారు. తిరుపతిలో కొండ కింద ఇడ్లీలు అమ్ముకుంటానని ఒక హోటలాయన అడిగాడు. ఇద్దరికీ ఒకటే సమాధానం. "అది పనిలో ఉండాది."

"ఏం పని మేస్త్రీ? ఊరికే నిలబడి ఉంది కదా?"

"నిలబడేదే దాని పని."

నేను దీన్ని మొండితనమనుకునేదాన్ని. అభిమానం ఉండేది, నవ్వూ వచ్చేది. ఆ మొండితనం దేనికి కట్టుబడిందో తెలియడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది.

ఆ ఏడు కార్తీక మాసంలో వాన పట్టుకుంది. మా సీమలో వాన అంటే పిలిచి పీట వేసినా రానిది, ఆ ఏడు అయిదు రోజులు విడవకుండా కురిసింది. ఆరో రోజు తెల్లవారేసరికి ఆ తోపుల ఆసామి ఊరి చెరువు కట్ట తెగింది. ఊరికి దిగువన ఉన్న హరిజనవాడ మొత్తం గోడలతో సహా కొట్టుకుపోయింది. మనుషులు ముందే పసిగట్టి గుట్టెక్కారు కాబట్టి బతికారు. ఊళ్ళో కూడా సగం ఇళ్ళు కూలాయి. బావులన్నీ బురదతో, చచ్చిన గొర్రెలతో నిండిపోయాయి.

ఆసామి తానే ట్రాక్టరు వేసుకుని చిత్తూరు వచ్చాడు. షెడ్డు ముందు దిగి, తల వంచుకుని నిలబడ్డాడట. మేస్త్రీ ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదని ఆయన భార్య తర్వాత నాకు చెప్పింది. ఇనపదిమ్మె మీద బీడీ పెట్టాడట, అంతే. అది ఆరేలోపు బండి ట్రాక్టరుకు తగిలించి ఉంది.

బంగారుపాళ్యం ఆస్పత్రి దగ్గర ఆగి నన్ను ఎక్కించుకున్నారు. గుట్ట కింద కాస్త ఎత్తైన కళ్ళంలో బండి నిలబెట్టాం. వాన తెరిపిచ్చింది. కాళ్ళు దిగాయి, పందిరి లేచింది, బియ్యం ఉడకడం మొదలైంది. నేను గాయాలకు కట్లు కడుతూ, బావి నీళ్ళు ముట్టుకోవద్దని అరుస్తూ తిరుగుతున్నాను. ఆ నీళ్ళు తాగితే కలరా వస్తుందని నా భయం. తాలూకా ఆఫీసు ట్యాంకరు వేరే పల్లెల్లో తిరుగుతోంది, రెండు రోజులు పడుతుందని కబురు వచ్చింది. ఊరూ వాడా కలిసి మూడు వందలమందికి ఉన్న మంచినీళ్ళు మా బండిలో ఉన్నవే. అవి అయిపోతే మళ్ళీ తేవాల్సింది ఆసామి ట్రాక్టరే.

మధ్యాహ్నం వాడ నుంచి ఒక బాలింత వచ్చింది. ఎవరినీ అడగలేదు. ఆమెకు కొళాయి కనబడింది, వంగి తిప్పింది, బిందె కింద పెట్టింది.

పందిరి కింద మాటలు ఆగిపోయాయి. ఆ ఊళ్ళో వాడవాళ్ళు బావి గట్టు ఎక్కరు. ఊరివాళ్ళెవరో తోడి, ఎత్తు నుంచి పోస్తే కింద పట్టుకోవాలి. తాగే నీళ్ళయినా అంతే, దోసిలి పట్టి వంగితే పైనుంచి ధార. కొళాయి వాళ్ళు ముట్టుకుంటే ఊరివాళ్ళు ఆ నీళ్ళు తాగరు. ఎవరో పోయి ఆసామిని పిలుచుకొచ్చారు.

"మేస్త్రీ, ఆ కొళాయి మూసెయ్యి. ఒక మనిషిని నిలబెడతా, చెంబుతో అందరికీ పోస్తాడు. ఎవురికీ తక్కువ సెయ్యం" అన్నాడు ఆసామి. గట్టిగా కూడా అనలేదు. తను న్యాయమైన మాటే చెబుతున్నానని నమ్ముతున్నవాడి గొంతు అది.

"కొళాయి బయటుండాదాసామీ. ఎవురికి దప్పికైతే వాళ్ళు తిప్పుకుంటారు."

"మా ఊరి పద్ధతి నీకు తెల్దా?"

"తెలుసు. ఇది మీ ఊరి బావి గాదు, నా బండి."

"బండి నీది. ట్రాక్టరు నాది."

మేస్త్రీ ఆయన ముఖం వంక చూశాడు. తర్వాత బండి ముందుకు నడిచి, వంగి, బండినీ ట్రాక్టరునూ కలిపే ఇనప పిన్ను లాగాడు. బిగుసుకుపోయి ఉంటే కాలితో తన్ని మరీ లాగాడు. తెచ్చి ఆసామి చేతిలో పెట్టాడు.

"ఇదో, నీ ట్రాక్టరు నీకు వచ్చేసినాది. తోలుకోని పో."

ఆసామి పోయాడు, ట్రాక్టరూ పోయింది. ఊరివాళ్ళు చాలామంది పందిరి కింద నుంచి లేచి అవతలికి పోయి నిలబడ్డారు.

అప్పుడు నేను చేసిన పని నాకు ఇప్పటికీ సిగ్గే. నేను మేస్త్రీ మీద పడ్డాను. "పౌరుషానికి ఇదా సమయం? సాయంత్రానికి ట్యాంకు ఖాళీ అవుతుంది. జనం బావి నీళ్ళు తాగుతారు, రేపు నేను శవాలు లెక్కపెట్టుకోవాలి. కాసేపు మూసి, చెంబుతో పోయిస్తే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను. ఈ మాట అన్న నేనెవరిని? తిరుపతిలో గుడి కొలువు చేసుకునే వైష్ణవుల ఇంట పుట్టినదాన్ని. మడి నీళ్ళ బిందెను నేను తాకితే పారబోసి మళ్ళీ తెచ్చేవాడు మా నాయన. నర్సు ఉద్యోగంలో చేరాక మా ఇంట్లోనే నా గ్లాసు వేరుగా పెట్టారు. ఎత్తు నుంచి పోసిన నీళ్ళు ఎట్లా ఉంటాయో తెలిసి కూడా అన్నాను.

ఆయన చక్రం కింది మొద్దు మీద కూర్చున్నాడు. కోస్తా సంగతి ఆయన నోట నేను విన్నది అప్పుడే, మళ్ళీ ఎన్నడూ వినలేదు.

"ఉప్పెనకాడికి పోయినాను గదా నర్సమ్మా. నీళ్ళ పీపాలు లారీ మీద, చెంబు నా చేతిలో. ఎవురికి ముందు, ఎవురికి ఎనక అని ఆ ఊరి పెద్దమనిషి నా పక్కన నిలబడి చెప్తా వచ్చినాడు. నాకెందుకులే, ఊరు వాళ్ళది అని చెప్పినట్ల పోస్తా వచ్చినాను. ఒక ముసిలామె, చేతిలో పిల్లోడు. మూడుసార్లు ముందుకొచ్చింది. మూడుసార్లూ ఎనక్కి పొమ్మన్నారు. ఆమె వంతు వచ్చేపాటికి పీపాలో అడుగు గీరినాను, చుక్క లేదు. మర్నాడు పొద్దున సూస్తే పిల్లోడు లేడు." చేతి బురద నిక్కరుకు తుడుచుకుని, "పొమ్మన్నది వాళ్ళు. చెంబు పట్టుకున్నది నేను" అన్నాడు.

నేను చెయ్యి కడుక్కుని పోయి నా పని చూసుకున్నాను.

సాయంత్రానికి ట్యాంకు ఖాళీ అయింది. మర్నాడు పొద్దున మేస్త్రీ నార తాళ్ళు బయటికి తీశాడు. హైవే మీద ఉన్న గుజ్జు ఫ్యాక్టరీకి సొంత బోరు ఉంది, డీజిలు ఇంజనుతో నడిచేది. కళ్ళం నుంచి మైలున్నర, అంతా బురద. బిందెలతో మోసుకొచ్చుకోవచ్చు కదా అన్నారు కొందరు.

"మోసే బలముండేవాళ్ళు మోసుకుంటారు. లేనోళ్ళు?" అన్నాడు. బండి ముందు కొక్కేలకు తాళ్ళు కట్టి, బారుగా నేల మీద పరిచాడు.

వాడ మగవాళ్ళు చుట్టూ నిలబడ్డారు కానీ ఎవరూ తాడు పట్టుకోలేదు. నాకు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది, ఆ ఊరి తిరునాళ్ళలో తేరు తాడు వాళ్ళు తాకకూడదు. దూరంగా నిలబడి దండం పెట్టుకోవాలి. చక్రాల మీద ఎత్తైన బండి, ముందు పరిచిన రెండు తాళ్ళు. ఊరు ఊరంతా దూరం నుంచి చూస్తోంది. పుట్టినప్పటి నుంచి వద్దన్న చేతులు వాటంతట అవి ముందుకు రాలేదు.

మేస్త్రీకి కూడా తెలిసింది. అందరిలోకి పెద్దవాడి దగ్గరికి పోయి, "పట్టుకో అన్నా. ఈ తేరులో దేవుడు లేడు, ఉత్త ట్యాంకే" అన్నాడు.

ఆ పెద్దాయన ఒకసారి ఊరివైపు చూసి, వంగి తాడెత్తుకున్నాడు. తర్వాత నలభై చేతులు పడ్డాయి. బాలింత మొగుడు పట్టుకున్నాడు, నేను చీర చెక్కుకుని చివర నిలబడ్డాను. "ఊఁ!" అన్నాడు మేస్త్రీ. బండి కదిలింది. పది గజాలు పోయి ఎడమపక్క గుంట వైపు జారడం మొదలుపెట్టింది. బురదలో ఆపేవాళ్ళు లేరు. మేస్త్రీ ఒక చక్రం దగ్గర, ఆయన పనివాడు ఇంకో చక్రం దగ్గర మొద్దులు వేస్తున్నారు, ఒక్కటీ సరిగా పడటం లేదు.

"ఒరే, ఒరే! ఎడమపక్కోళ్ళు వదలండిరా! తేరు లాగేది అట్లనా? పల్టీ కొడతాది ఎదవల్లారా!"

ఊరివాళ్ళ గుంపులోంచి ఒక ముసలాయన అరుస్తూ వస్తున్నాడు. గోచీ, బోడి గుండు. ఆ ఊరి తేరుకు యాభై ఏళ్ళుగా చక్రాల కింద మొద్దులు వేసేవాడు. తేరును తిప్పాలన్నా ఆపాలన్నా ఆయన మొద్దు పడాల్సిందే. పద్ధతి, మైల, ఆసామి, ఏదీ ఆయనకు గుర్తున్నట్టు లేదు. కళ్ళ ముందు ఒక బండి వంకరగా పోతుంటే చూస్తూ నిలబడటం ఆయన వల్ల కాలేదు. మేస్త్రీ చేతిలో మొద్దు లాక్కుని, చక్రం కిందికి తోసి, "ఊఁ, ఇప్పుడు లాగు! నువ్వు కాదురా, నువ్వు!" అని వాడవాళ్ళను పేరుపేరునా తిడుతూ నడిపించాడు. నాకు దుఃఖం, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఆయన వెనక ఆయన కొడుకులు వచ్చారు, తండ్రికి మొద్దులు అందించడం వాళ్ళ అలవాటు కాబట్టి. కొడుకుల వెనక ఇంకో పదిమంది.

మధ్యాహ్నానికి నిండు ట్యాంకుతో తిరిగి వచ్చాం. కాళ్ళు దించాక మేస్త్రీ కొళాయిని రెండుసార్లు తట్టి పక్కకు తప్పుకున్నాడు. చాలాసేపు వాడవాళ్ళే పట్టుకున్నారు. తర్వాత ఊరి వైపు నుంచి తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ఒకతె చెంబు పట్టుకుని వచ్చింది. ఆసామి తల్లి. ఆమెకు జనం దారి ఇవ్వబోతే, చేత్తో వద్దని, బాలింత వెనక నిలబడింది. వంతు వచ్చాక మోకాళ్ళు పట్టుకుని వంగి, కొళాయి తిప్పి, అక్కడే గటగటా తాగింది. "నిన్నటి నుంచి గొంతు ఎండిపోతా ఉండాది. వాడి పద్ధతి నా గొంతుకేం తెలుసు?" అంది. మూతి తుడుచుకుని మళ్ళీ చెంబు నింపుకుని పోయింది.

ఆ తర్వాత ఊరు ఊరంతా రాలేదు. కొందరు మూడు రోజులూ గుట్ట మీద బండరాళ్ళ గుంటల్లో వాననీళ్ళు వడగట్టుకుని తాగారు. కానీ కొళాయి దగ్గర ఎవరినీ ఎవరూ ఆపలేదు.

నాలుగో రోజుకూ తాలూకా ట్యాంకరు రాలేదు గానీ, ట్రాక్టరు వచ్చింది. ఆసామి రాలేదు, డ్రైవరు చేతికి పిన్ను ఇచ్చి పంపాడు. మేస్త్రీ పిన్ను తీసుకుని నిక్కరు జేబులో వేసుకుని, "మీ ఆసామికి చెప్పు, ఈ బండిని మనుసులే లాగతారని" అన్నాడు. నాకు చిర్రెత్తింది. జనం అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి, వాటికి మందు రాసేది నేను. "కొళాయి సంగతి వేరు, ఇది వేరు. ఇది ఉత్త నీ పొగరు. తగిలించు ట్రాక్టరు!" అని అరిచాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, జేబులోంచి పిన్ను తీసి, నోరు మూసుకుని పోయి తగిలించాడు. నా జన్మలో ఆయన్ని నేను గెలిచింది ఆ ఒక్కసారే.

ఆ ఊళ్ళో ఒక్కరికీ కలరా రాలేదు. నా ఉద్యోగంలో నేను గర్వంగా చెప్పుకునే మాట అది, అందులో సగం ఆయనది.

నేను బదిలీ మీద వేరే ఊరు పోయాను. ఆయన మాత్రం కాళ్ళు పడిపోయేదాకా నెలకొకసారి బీడీ వెలిగించాడట. తుప్పు పట్టిన బండిని పాత ఇనపవాళ్ళు అడిగితే భార్య ఇచ్చేసింది, ట్యాంకు మాత్రం ఇవ్వలేదట. వాళ్ళ వాకిలి బయట వీధిలోకి దిమ్మె కట్టించి పెట్టుకుంది. పోయిన సంగతి చెప్పిన రోజు ఫోనులో, "నింపేది మాత్రం మానలేదు నర్సమ్మా. మానితే వచ్చి తిడతాడు" అంది.

ఇదంతా హైవే పక్కన ఆ కుర్రాడికి చెప్పలేదు. అంత సమయం లేదు, మనవరాలు కాయల బుట్ట కారులో పెట్టేసి హారను కొడుతోంది. ఆ నల్లబండి పక్క రేకు మీద మోకాలెత్తున వేలి కణుపుతో రెండుసార్లు తట్టాను.

"ఇక్కడ పెట్టు నాయనా కొళాయి. బయట."

"బయట పెడితే ఎట్లా ఆంటీ?" అన్నాడు వాడు, నా మీద జాలిపడుతూ. "దారిలో పోయేవాళ్ళంతా వచ్చి తిప్పుకుంటారు కదా?"

"దానికేరా అబ్బయ్యా పెట్టమనేది" అన్నాను.